సరిత అడిగిన రెండో కాలమ్

గురువారం.

పొద్దున్న ఐదున్నర నుంచి చేసినవి: పాలు రెండు లీటర్లు కాచాను. సరిత వాళ్ళింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి పన్నెండు మందికి ఉప్మా చేసి పంపాను. టీ ఫ్లాస్కు మూడుసార్లు పైకి వెళ్ళింది. వాళ్ళ బట్టలు ఒక మిషన్, మావి ఒక మిషన్.

ఇవన్నీ అయ్యాక ఇది రాస్తున్నాను.

నిన్న పొద్దున్న పదింటికి మా పై ఫ్లోర్ నుంచి సరిత భర్త నరేష్ ఫోన్ చేసి, "అక్కా, సరిత ఇగ లేదు" అన్నాడు.

"రేపు డయాలసిస్ ఒంటిగంటకి కదా బాబూ, పన్నెండుకల్లా రెడీగా ఉంటాను" అన్నాను.

అతను ఇంకోసారి చెప్పాడు.

అప్పుడు స్టవ్ కట్టేశాను.

గుండె ఆగిపోయిందట. వయసు ముప్పై ఎనిమిది.

మన అపార్ట్‌మెంట్ గ్రూపులో చాలామందికి సరిత లిఫ్ట్ దగ్గర అందరినీ పలకరించే అమ్మాయిగానే తెలుసు. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ ఎక్కడ వస్తుందో పట్టుకుని, దానికి పేరు పెట్టడం ఆమె ఉద్యోగం.

కిడ్నీలు పాడయ్యాక ఏడాదిన్నర పాటు, వారానికి మూడు మధ్యాహ్నాలు, డయాలసిస్ కుర్చీ పక్కన నేను కూర్చునేదాన్ని. నాలుగేసి గంటలు. ఆమె ఫోన్‌లో యానిమే, అంటే జపాన్ కార్టూన్ సీరియళ్ళు. ఒక ఇయర్‌ఫోన్ ఆమెకి, ఒకటి నాకు.

మొదట్లో నాకు మొహాలన్నీ ఒకేలా కనిపించేవి. తర్వాత తెలిసింది, మొహాలే కాదు, చాలా విషయాలు ఒకేలా ఉంటాయని. హీరో ఏ స్కూల్లో చదివినా కిటికీ పక్కన చివరి బెంచీయే. కళ్ళద్దాలు తెల్లగా మెరిశాయంటే వాడి మనసులో ఏదో ఉంది. "ఈ యుద్ధం అయ్యాక ఊరెళ్ళి పెళ్ళి చేసుకుంటా" అన్నవాడు ఊరెళ్ళడు.

నా పాల లెక్కల నోటుబుక్కులో వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టాను. మా రూల్ ఒకటే. మూడుసార్లు కనిపిస్తేనే పేరు.

హీరో వెలుగులు చిమ్ముతూ వేషం మార్చుకుంటుంటే విలన్ నిలబడి చూస్తాడు. కొట్టడు.

"ఆడు బట్టలు మార్చుకునేదాంక ఈడు ఆగుతడేంది అక్కా? మా మేనేజర్ అయితే గింతల నాలుగు మీటింగులు పెడ్తుండె" అంది సరిత.

నర్సు వచ్చి, అలా నవ్వితే సూది కదులుతుందని ఇద్దరినీ మందలించి వెళ్ళింది.

దానికి "మర్యాద విలన్" అని పేరు.

ఇంకో పేరు నేను పెట్టాను. అది తప్పు.

యానిమేలో జడని ఒక భుజం మీదుగా ముందుకు వేసుకుని, మెల్లగా నవ్వే అమ్మ ఉంటుంది. కథ పూర్తయ్యేదాకా ఆమె బతకదు. మూడుసార్లు చూశాను. "పోయే అమ్మ జడ" అని రాసి కింద గీత గీశాను. సరిత కూడా నవ్వింది.

సరితది అదే జడ. కుర్చీలో వెనక్కి వాలితే మెడ కింద ఒత్తుకుంటుందని ముందుకు వేసుకునేది. మా ఇద్దరికీ తట్టలేదు.

ఆమె కూతురు అక్షరకి తట్టింది. ఐదో క్లాసు. మా ఇంట్లో హోంవర్క్ చేసుకుంటూ ఆ పేజీ చదివింది.

ఎవరికీ ఏమీ చెప్పలేదు. మర్నాటి నుంచి రోజూ స్కూల్ బస్సు రాకముందే వాళ్ళమ్మకి నడినెత్తిన కొప్పు పెట్టేది. గట్టిగా, బోలెడు పిన్నులతో.

ఆ కొప్పుతో కుర్చీలో తల ఆనదు. తీసేయమన్నాను.

"ఉండనీ అక్కా. పొల్ల కట్టింది" అంది సరిత. నాలుగు గంటలూ మెడ పక్కకి తిప్పుకునే పడుకుంది.

నెల తర్వాత ఒకరోజు పిన్ను గుచ్చుకుని సరిత అబ్బా అంటే, పిల్ల భయపడి అసలు సంగతి చెప్పేసింది.

సరిత నా నోటుబుక్కు అడిగి తీసుకుని పేజీ అంతా చదివింది. కోపపడలేదు. తప్పు ఎక్కడుందో చూపించింది.

"ఏం లెక్క అక్కా ఇది? సచ్చిపోయినోళ్ళనే రాసినవ్. బతికినోళ్ళు యాడ? ఫెయిల్ అయినయి రాసి పాస్ అయినయి ఇడిసిపెడ్తే మా ఆఫీసుల ఇంటికి పంపుతరు."

ఇన్నేళ్ళుగా జమ, ఖర్చు రెండూ రాసే మనిషిని. ఆ ఒక్క పేజీలో ఒకటే వైపు రాశాను. బతికి ఉన్న అమ్మ కథలో వెనకాల వంట చేసుకుంటూ ఉంటుంది. ఆమె జడ ఎలా ఉందో ఎవరు చూస్తారు? నేనూ చూడలేదు.

"మొదటికెళ్ళి మళ్ళ చూడు. రెండో కాలమ్ గీయి. నా బిడ్డకు చూపెట్టు. జర జల్ది."

చూశాను. పనులయ్యాక రోజుకి రెండు ఎపిసోడ్లు. మొన్న ఆదివారానికి పూర్తయింది. కొట్టివేతలు ఎక్కువ ఉన్నాయి, శుభ్రంగా ఫెయిర్ కాపీ రాసి ఇద్దామని ఆగాను.

అది రెండో తప్పు.

ఆ పేజీ చూపించేదాకా అక్షర కొప్పు మానలేదు. నిన్న తనకి పరీక్ష. బస్సు ముందుగా వచ్చింది. కొప్పు పెట్టలేదు.

నిన్న సాయంత్రం గోపన్‌పల్లి శ్మశానంలో కార్యం అయ్యాక పిల్లని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఏడవలేదు. అన్నం ముట్టలేదు. ఇవాళ మధ్యాహ్నం అడిగింది.

"ఆంటీ, నిన్న నేను కొప్పు పెట్టలే. అందుకేనా?"

ఊరికే కాదంటే నమ్మదు. సరిత కూతురు. కొట్టివేతలతో ఉన్న ఆ పేజీనే చేతికిచ్చాను.

ఎడమ వైపు, ఆ జడ ఉండి పోయినవాళ్ళు తొమ్మిదిమంది. కుడి వైపు, అదే జడతో చివరిదాకా ఉన్నవాళ్ళు ఆరుగురు. కింద వేరే లైనులో, కొప్పు ఉన్నా పోయినవాళ్ళు నలుగురు. పోయినవాళ్ళే ఎక్కువ. దాచలేదు.

ఒక్కొక్క లైను మీద వేలు పెట్టి చదివింది.

"ఈమె లాస్ట్ ఎపిసోడ్ల ఉందా?"

"ఉందమ్మా. దుప్పట్లు ఆరేస్తోంది."

"ఈమె కొప్పు పెట్టుకున్నా పోయిందా?"

"పోయింది."

"మరి అమ్మ?"

"అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి, తర్వాత గుండె. జుట్టుకి సంబంధం లేదు. ఆ పేరు పెట్టింది నేను. సగం లెక్క చూసి పెట్టాను. అది నా తప్పు తల్లీ."



అప్పుడు ఏడ్చింది. బాగా ఏడ్చింది. తర్వాత కాస్త పెరుగన్నం తింది.

వెళ్ళిరా సరితా. ఇక ఏ మధ్యాహ్నమూ నీకు సూది లేదు. ప్రశాంతంగా ఉండు.

నీకు నా బాకీ: రెండో కాలమ్ నింపి నీ బిడ్డకి చూపించడం. ఈ రోజుతో చెల్లు.