తప్పు పక్కన ఫొటో

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో నా ఆఫీసు ఉన్న మేడ కింద ఈమధ్య ఒక మోటార్ వైండింగ్ దుకాణం తెరిచారు. కొత్తగా తీగ చుట్టిన మోటార్లకు వార్నిష్ పట్టించి ఆరబెడతారు. ఆ ఘాటు మెట్లెక్కి నేరుగా నా గదిలోకి వస్తుంది. నా దగ్గర పనిచేసే అమ్మాయిలు ముక్కు మూసుకుని కిటికీలు వేసేస్తారు, నేను లేచి వెళ్లి మళ్లీ తెరుస్తాను. "తలకాయ నొస్తది మేడమ్" అంటారు. నొయ్యనీ! ఆ వాసన తగిలితే చాలు, నేను బోధన్ రోడ్డు మీద మల్లేశం కాక దుకాణంలో ఇనుప స్టూలు మీద కూర్చుని ఉంటాను. చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే ఈ పనిలో నాకంటూ ఏమైనా తెలిసిందంటే, అది ఆ స్టూలు మీద తెలిసిందే.

మల్లేశం కాక నాకు చుట్టమేమీ కాదు. మా వీధిలోనే ఉండేవాడు కాబట్టి కాక. బోధన్ చుట్టుపక్కల చెరకుకూ వరికీ నీళ్లు పారించే మోటార్లలో ఆయన చెయ్యి పడనివి తక్కువ. గొంతు పెద్దది, మీసం ఇంకా పెద్దది. ఆ మీసమంటే ఎంత మోజంటే, దుకాణంలో పానాల పక్కనే చిన్న అద్దం, దువ్వెన వేలాడేవి. ఆయనకు ఉన్నది ఒకటే కోరిక. ఒక పెద్ద పంపుల కంపెనీ తన దుకాణాన్ని వాళ్ల సర్వీస్ సెంటర్‌గా ఒప్పుకోవాలి, వాళ్ల బోర్డు తన గుమ్మం మీద వేలాడాలి. ఏళ్ల తరబడి దానికోసం తిరిగాడు. చివరికి వాళ్లు "మీకు వెబ్‌సైట్ ఉందా?" అని అడిగారట. డిచ్‌పల్లిలో చదువు ముగించి ఇంట్లో ఖాళీగా కూర్చున్న నాకు ఆ సాయంత్రమే పిలుపు వచ్చింది.

"వెబ్‌సైటు చెయ్యవస్తదా బిడ్డా నీకు? కానీ దినాం మార్చుకునేటట్టు ఉండాలె. మాటిమాటికి ఎవల్నో బతిమాలుకునుడు నాతోని గాదు."

నేను కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ గురించి చెప్పాను. కోడ్ రాయనక్కరలేదని, లాగిన్ అయి మాట మార్చి పబ్లిష్ నొక్కితే చాలని, ఆ క్షణం నుంచి అందరికీ కొత్త మాటే కనిపిస్తుందని.

"అంటే గుమ్మం కాడి నల్లబోర్డు లెక్కనే" అన్నాడు. "మరి పాత మాట యాడికి పోతది?"

"అది ఇగ ఎవలకూ కనవడదు కాకా."

ఆయన మీసం దువ్వుకుంటూ "ఊఁ" అన్నాడు. ఎందుకడిగాడో నేను పట్టించుకోలేదు.

ఫోన్ నంబరు, దుకాణం చిరునామా, స్టూడియోకు వెళ్లి కోటు వేసుకుని తీయించుకున్న ఆయన ఫొటో. ఇంతటితో అయిపోతుందనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. మోటారు మొరాయిస్తే రైతు పొలం దగ్గర తనంతట తాను ఏమేం చూసుకోవచ్చో అంతా రాయమన్నాడు. దుకాణంలో తండ్రితో పాటే పనిచేసే కొడుకు నవీన్ లబోదిబోమన్నాడు. "అన్నీ మనమే చెప్పేస్తే దుకాణానికి ఎవడొస్తడు బాపూ?" దానికి కాక, "కాలినంక ఎట్లన్న వస్తడు. కాలకముందుగాల జెర ఆసరా కావద్దా?" అని తన పనిలో పడిపోయాడు.

అక్కడ పని జరిగే తీరు నేను ఇంకెక్కడా చూడలేదు. నేను రాసింది పబ్లిష్ చేసేముందు పైకి చదవాలి. కాక ముందర ఒక మోటారు పెట్టుకుని, నా మాట వెంబడే చేతులు కదిలించేవాడు. నా వాక్యం తిన్నగా ఉంటే ఆయన పానా తిరుగుతూ ఉండేది, లేకపోతే గాలిలో ఆగిపోయేది. మొదటి రోజు "ముందుగా మూత తీయండి" అని చదివాను. పానా ఆగింది.

"కరెంటు బంద్ జెయ్యమనకుంటనే మూత తియ్యమంటున్నవా? సంపుతవా ఏంది మనుషుల్ని!"

నవీన్ పగలబడి నవ్వాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాక మాత్రం నవ్వలేదు. "నా చెయ్యి ఆగిందంటే నువ్వు మల్ల రాయాలె, గంతే. నేను చెప్పినప్పుడు నీకు సమజ్ కాకుంటే నన్ను గూడ ఆపు" అన్నాడు. ఆ వేసవంతా అలాగే గడిచింది. నేను చదివేదాన్ని, ఆయన చేతులు వినేవి.

కంపెనీవాళ్లు దుకాణం చూడటానికి రెండు రోజుల్లో వస్తారనగా గంగారాం అనే రైతు ఎడపల్లి వైపు నుంచి ట్రాలీ ఆటోలో కాలిన మోటారు వేసుకొచ్చాడు. లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే చిన్న భాగం ఒకటి స్టార్టర్‌లో ఉంటుంది, రిలే అంటారు. దాన్ని ఎంతకు పెట్టుకోవాలో మా వెబ్‌సైట్‌లో ఉంది. "నువ్వు రాసినట్టే పెట్టిన అన్నా. ఆగకుంట నడిచి నడిచి కాలిపోయింది" అన్నాడు గంగారాం. గొంతులో కోపం కూడా లేదు, అదే మమ్మల్ని కోసేసింది.

కాక ఆ పేజీ నాతో చదివించుకున్నాడు. ఆయన చెప్పిన లెక్క ఒక రకం స్టార్టర్‌కు సరిపోతుంది, ఇంకో రకానికి బాగా ఎక్కువ. ఆ తేడా చెప్పడం ఆయనే మరిచిపోయాడు. గంగారాంను కూర్చోబెట్టి టీ తెప్పించి, "ఊకెనే చుట్టిస్త తమ్మీ, తప్పు నాది" అన్నాడు.

నవీన్ నా వైపు తిరిగాడు. "జల్ది దిద్దు అక్కా. పాతది తీసేసి కొత్తది పెట్టు. ఎవలకు ఎరుక?"

నిజమే, నిమిషం పని. పేజీ తెరిచాను కూడా.

"ఆగు" అన్నాడు కాక. "సప్పుడు జెయ్యకుంట దిద్దితే, ముందుగాల సదివినోళ్ల సంగతేంది? వాళ్లు పొలం కాడ నా మాట నమ్ముకొని కూసున్నరు. తప్పు అట్లనే ఉండనియ్యి. దాని మీద గీత కొట్టు, పక్కకు సక్కటి మాట రాయి. గది మొదటి పేజీల, అన్నిటికన్న పైన పెట్టు."

"ఇజ్జత్ పోతది బాపూ! ఆ బోర్డు కోసం ఇన్నేండ్ల సంది తిరిగినవ్!"

"నాకు ఎరుక లేదారా?" అని అరిచాడు కాక. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని, నాతో మెల్లగా అన్నాడు. "స్టూడియోల దిగిన ఫొటో ఉన్నది సూడు, గది గూడ దాని పక్కకే పెట్టు. చెప్పినోడు ఎవడో కనవడాలె. ఆ మొఖం సూస్తెనే మనోళ్లు ఆగి సదువుతరు."

అద్దం ముందునుంచి కదలని మనిషి, ఆ మీసాన్ని, ఆ కోటును తీసుకెళ్లి తన తప్పు పక్కన నిలబెట్టమంటున్నాడు! నేను పబ్లిష్ నొక్కాను. నవీన్ చేతిలోని పానా విసిరికొట్టి బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఒకావిడ ఫోన్ చేసింది. మొదటి పేజీలో అంత పెద్ద ఫొటో చూసి కాక చనిపోయాడనుకుందట! "నీకేమైందోనని తెరిచి సదివిన అన్నా. మా ఇంటాయన రిలే గట్లనే పెట్టిండు. ఇప్పుడే పోయి బంద్ జేసినం." కాక పెద్దగా నవ్వాడు. "బతికే ఉన్న చెల్లే! నీ మోటారు గూడ బతికింది, గది చాలు." ఆ తర్వాత అలాంటి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

కంపెనీవాళ్లు వచ్చారు. మా పేజీ చూశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, టీ తాగి వెళ్లారు. బోర్డు నిజామాబాద్‌లో ఇంకో దుకాణానికి వెళ్లింది. కాక చాలా రోజులు అద్దం వైపు చూడలేదు. బాధపడలేదని నేను అబద్ధం చెప్పను, బాగా బాధపడ్డాడు. కానీ ఆ దిద్దుబాటును కిందికి జరపమని ఒక్కసారి కూడా అనలేదు. తానంతగా కోరుకున్నదాన్ని అలా చేతులారా వదులుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

కాక ఇప్పుడు లేడు. దుకాణం నవీన్ నడుపుతున్నాడు, వెబ్‌సైట్ ఇంకా నేనే చూస్తున్నాను. ఈ పొద్దున కింద నుంచి వార్నిష్ వాసన వస్తుండగా అతని ఫోన్ వచ్చింది.

"అక్కా, కేబుల్ జాయింటు గురించి పోయిన వారం రాయించిన గదా. తప్పు చెప్పిన. గీత కొట్టి పైన పెట్టు."

"చిన్న సంగతే గద నవీన్. ఆ పేజీలనే దిద్దుదామా?" కావాలనే అడిగాను.

"పైన్నే పెట్టు. నా ఫొటో పంపిస్తున్న."

ఫొటో వచ్చింది. చెంప మీద గ్రీజు, పైపెదవి మీద అప్పుడే పెంచుతున్న మీసం. దాన్ని మొదటి పేజీలో ఇంకా పైనే ఉన్న కాక ఫొటో కిందే పెట్టి, దిద్దిన మాటలు రాసి, ఎప్పటిలాగే పైకి చదవడం మొదలుపెట్టాను. ఫోన్‌లో అవతల పానా చప్పుడు వినిపిస్తోంది. మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది.

"చెయ్యి ఆగింది అక్కా" అన్నాడు నవీన్. "మల్ల రాయి."

మళ్లీ రాశాను, మళ్లీ చదివాను. ఈసారి పానా చివరిదాకా తిరిగింది. పబ్లిష్ నొక్కాను.