కేన్సర్ మీద యుద్ధంలో చిటికెడు ఉప్పు

మా ల్యాబ్‌లో నా పేరెత్తితే ఇప్పటికీ ఎవరో ఒకరు ఫక్కున నవ్వుతారు. ఎందుకన్నది వాళ్ల నోట వింటే ఇంకా ఘోరంగా ఉంటుంది కాబట్టి, నా పరువు ఎలా పోయిందో నేనే చెప్పేస్తాను.

మా ఊరు చిల్లకూరు అవతల, సముద్రం వైపు. మా నాన్న ఉప్పు మడుల్లో పని చేస్తాడు. నేను చెన్నైలో పిహెచ్‌డి. నాకు అప్పగించిన ప్రోటీన్, ఒంట్లో కణాలు అదుపు తప్పి పెరగకుండా బ్రేకు వేసే పెద్దమనిషి. ఆయన పాడైతే కేన్సర్ గడ్డకు పండగే. ఆయన రూపం తెలియాలంటే ముందు క్రిస్టల్‌గా, అంటే స్ఫటికంగా గడ్డకట్టించాలి. దాని మీద ఎక్స్‌రేలు వేస్తే తెర మీద చుక్కలు పడతాయి, వాటిని బట్టి ఆకారం లెక్కగట్టాలి. వినడానికి ఎంత తేలికో చూశారా! రెండేళ్లు చేశాను, ఒక్క క్రిస్టల్ రాలేదు. ఇంటికెళ్తే మా అమ్మ, "ఇంకా తోడుకోలేదా?" అని పెరుగు గురించి అడిగినట్టు అడిగేది.

ఒక సోమవారం పొద్దున మైక్రోస్కోపులో చూశానా, గుండె ఆగినంత పనైంది. పళ్లెంలో నేను వేసిపెట్టిన ప్రోటీన్ నీటిచుక్క నడుమ నలుపలకలుగా, గాజుముక్కలా మెరుస్తూ కూర్చుని ఉంది!

"వచ్చేసింది! వచ్చేసింది!" అన్న నా కేకకు పక్క ల్యాబ్ వాళ్లు నిప్పంటుకుందనుకుని పరిగెత్తుకొచ్చారు. మా సీనియర్ కల్యాణి అక్క కూడా వచ్చి చూసింది. ఆమెది సూళ్లూరుపేట.

"సూదితో ఒకసారి పొడిచి చూడుమే. ప్రోటీన్ అయితే మెత్తగా విరిగిపోద్ది. టక్కుమనిందంటే అది ఇంకేందో."

"ఉండేది ఒక్కటే అక్కా! రెండేళ్లకి పుట్టిన బిడ్డని పొడవమంటావా?"

ఆ శుక్రవారం ఎక్స్‌రే మెషీన్ అక్క వంతు. ఆమె క్రిస్టల్స్ అప్పటికే పాతబడుతున్నాయి, ఆ వారం దాటితే పనికిరావు. ఆమె థీసిస్ మొత్తం వాటి మీదే నిలబడి ఉంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆ వంతు అడిగాను, బతిమాలాను, కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. మహాతల్లి, ఇచ్చేసింది. ఇక్కడ మీరు నన్ను తిట్టుకోవచ్చు, నేను ఆగుతాను.

ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ వీధంతా మలై కాజాలు పంచింది. నాన్నకు వాట్సాప్‌లో ఫోటో పంపాను. మడి గట్టు మీద నుంచే ఫోన్ చేశాడు.

"ఏందిమ్మా ఇది, ఉప్పు గదా?"

"నాన్నా! అది కేన్సర్‌ని ఆపే ప్రోటీన్!"

"ఏమోమ్మా. నడుమ మెట్లు మెట్లుగా గుంట ఉండాది చూడు. మడిలో నీళ్లు ఇంకేటప్పుడు పైన తేలేది అచ్చం ఇట్నే ఉంటాది. నీ చుక్కకి మూత సరిగ్గా పెట్టినావా?"

"మడి వేరు, ల్యాబ్ వేరు నాన్నా! ఇది సైన్సు!"

"సరే తల్లీ," అన్నాడు పాపం.

శుక్రవారం వచ్చింది. కొత్త చుడీదార్ కూడా వేసుకున్నాను, మరి పెద్దమనిషి దర్శనం కదా! ప్రోటీన్ అయితే తెర మీద చీమలు బారులు తీరినట్టు చుక్కలు పడాలి. నాకు పడినవి నాలుగే. అవి కూడా మాటలు లేని చుట్టాల్లా దూరదూరంగా. మా సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఉప్పమ్మా," అన్నారు. "చాలా మంచి ఉప్పు."

పరిగెత్తి వెళ్లి పళ్లెం చూస్తే, చుక్క మీద అంటించిన టేపు ఒక మూల లేచి ఉంది. నీళ్లన్నీ ఇంకిపోయి, అందులో కలిపిన ఉప్పే పైకి తేలింది. ఉప్పు మడుల ఊళ్లో పుట్టి, ఉప్పును గుర్తుపట్టలేక, ఉప్పు మనిషికే పాఠం చెప్పాను! అంతకంటే అక్క వంతు తగలేశానే అని ఏడుపొచ్చింది. గడియారం చూశాను. ఇంకా పొద్దున పదే, వంతు సాయంత్రం దాకా ఉంది. మూడో అంతస్తుకు ఒక్క పరుగు.

"అక్కా, మెషీన్ ఖాళీ! నీవి తే, తొందరగా!"

"అప్పుడే రూపం తెలిసిపోయిందా మే?"

"తెలిసింది. చారులో వేసుకునే రూపం."

అక్క నవ్వుతూనే ఉరికింది. ఆమె క్రిస్టల్స్‌లో రెండు పగిలిపోయాయి. మూడోదాన్ని పెట్టి, ఇద్దరం ఊపిరి బిగబట్టి తెర వైపు చూశాం. చుక్కలు! తెర నిండా, బారులు బారులుగా చుక్కలు! మేమిద్దరం అక్కడే ఎగిరాం, సార్ ఉన్నారని కూడా చూడలేదు. అక్క థీసిస్ గట్టెక్కింది. నా జన్మలో అంత సంతోషం ఎరగను, అదీ నాది కాని క్రిస్టల్‌కి.

అప్పటి నుంచి ల్యాబ్ మొత్తం మా నాన్నకు ఫోటోలు పంపడం మొదలుపెట్టింది. ఆయనా ఓపిగ్గా తీర్పులిస్తాడు: "ఉప్పే." "ఉప్పే, నాసిరకం." మొన్న నాకు సన్నగా, పొడుగ్గా ఒకటి వచ్చింది. వెంటనే పంపాను. చాలాసేపటికి ఫోన్ మోగింది.

"ఇదేందో నాకు తెలీదమ్మా. ఇట్టాంటిది నేనెప్పుడూ చూళ్లేదు."

ఆ ఒక్క మాటకు నేను ల్యాబ్ అంతా గంతులేశాను!

కనుక చదివేవాళ్లందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ క్రిస్టల్ పుట్టినా సూదితో పొడుస్తాను, ఎవరి వంతూ లాక్కోను, మా నాన్న "నాకు తెలీదు" అని తేల్చి చెప్పేదాకా సైన్సు పేరెత్తను.