వల్లె వేయని పిల్ల

ఆరేడేళ్ల కిందట, జూన్ బదిలీల్లో జనగామ వదిలి మహబూబాబాద్ జిల్లాలో తండాల మధ్య ఉన్న ఒక చిన్న ఉన్నత పాఠశాలలో చేరాను. హోదా స్కూల్ అసిస్టెంట్, సబ్జెక్టు ఇంగ్లిషు. ఫిబ్రవరిలో ప్యానెల్ తనిఖీ అన్నారు. అంటే ఒక ప్రధానోపాధ్యాయుడు, ఆయన వెంట నలుగురు సీనియర్ టీచర్లు రోజంతా పాఠాలు చూసి నివేదిక రాస్తారు. పిల్లలు తక్కువైన మా బడిని ఉంచాలా, దూరపు బడిలో కలపాలా అన్నది ఆ నివేదికే తేలుస్తుంది.

కలిపితే ఎనిమిదో తరగతి సరిత చదువు ఆగినట్టే. అంత దూరం పంపనని వాళ్ల నాయన తెగేసి చెప్పాడు.

పాఠం, ఇంగ్లిషులో కొత్త మాటల తయారీ. మాటకు ముందో వెనకో ముక్క తగిలించడం, రెండు మాటలు కలపడం. మొదటి రోజు పద్ధతి చెప్పాను. తర్వాత భయం పట్టుకుని, పన్నెండు మాటలు ఏరి వారంపాటు వల్లె వేయించాను. పాత ఉపాయం కూడా నేర్పాను. తెలిస్తే కుడి చెయ్యి, తెలియకపోతే ఎడమ చెయ్యి ఎత్తాలి. చూసేవాళ్లకు అన్నీ ఎత్తిన చేతులే. సిగ్గుపడాల్సిన పనే, కానీ చేశాను.

తనిఖీ రోజు ప్యానెల్ పెద్ద నా పుస్తకం మూసి, ఇందులో లేని మాటలు చేయించమన్నారు. సరిత తప్ప తరగతంతా చేతులెత్తింది. అన్నీ ఎడమవే.

"నేనూ ఎత్తించినోణ్నే సార్," అని నాతో మెల్లగా అని, ఆయన చెయ్యెత్తని సరితను లేపారు. వల్లె వేయించిన వారమంతా మిరప ఏరడానికి పోయిన పిల్ల. హాజరు కోసం నేనే బతిమాలి ఆ ఒక్కరోజుకు రప్పించాను.

"పన్నెండు మాటలు నాకు రావు సార్," అంది. "గని ఎట్ల చేస్తరో మొదటి రోజు సారు చెప్పిండు. పిక్ అంటే ఏరుడు. మా యాడి, మా అమ్మ, పికర్. ముందట చిల్లీ పెడితె చిల్లీ పికర్."

ఏరని తోటను ఏమంటావని ఆయన అడిగారు.

"అన్‌పిక్డ్. మాది ఇంక సగం గట్లనే ఉన్నది సార్. రేపు పోవాలె."

సాయంత్రం ప్యానెల్ నివేదిక రాసింది. బడి ఉంచమని రాశారు. నా పేరెదుట 'వల్లె వేయిస్తున్నారు' అని రాశారు. రెండింటి కిందా సంతకం చేశాను. మర్నాడు సరిత తోటకు పోయింది, సోమవారం బడికి వచ్చింది.

పద్ధతి చెప్పడానికి నాకు ఒక్క రోజు సరిపోయింది. మిగతా వారమంతా దాన్ని పిల్లలు మరిచిపోయేలా చేశాను.