డన్‌ఫీ బొమ్మ ఏ ఏటిది?

ఒరిన్ టాస్కర్‌కు ఒకచోట కుదురుగా కూర్చోవడం రాదని అతని భార్య లియోనా పెళ్ళయిన మొదటి నెలలోనే కనిపెట్టింది. యుటికా నగరంలో ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం అతనిది. ఇరవై తొమ్మిదేళ్ళుగా జనాల నేలమాళిగల్లోకి దిగుతూ, ఎక్కుతూ ఉన్నాడు. తీరిక దొరికితే పాత బేస్‌బాల్ బొమ్మలు ముందేసుకుంటాడు. వెనకటికి బిస్కెట్ డబ్బాల్లోనూ సిగరెట్ పెట్టెల్లోనూ వేసి ఇచ్చిన చిన్న చిన్న అట్టముక్కలవి. వాటి మీద ఆటగాడి ఫొటో, ఇంటిపేరు, ఊరిపేరు ఉంటాయి. ఏ ఏడు అచ్చువేశారో మాత్రం ఉండదు. ఆ ఏడు తేల్చడమే ఒరిన్ పిచ్చి. ఎవడు ఏ జట్టులోకి ఎప్పుడొచ్చాడు, ఎప్పుడు మానేశాడు అన్నది పాత పత్రికల్లో వెతికి పట్టుకుని బొమ్మ వయసు చెప్పేవాడు. బొమ్మలు పోగుచేసే వాళ్ళ పత్రికలో అతను రాసిన ఏడే అందరికీ ఖాయం.

1978 మార్చిలో ఒక శనివారం అతను గ్రంథాలయంలో పాత పత్రికలు తెర మీద చూపే మైక్రోఫిల్మ్ యంత్రం ముందు కూర్చుని ఏదో వేరే సంగతి వెతుకుతున్నాడు. 1910 మే నాటి పత్రిక తెర మీద దొర్లుతోంది. మూలన మూడు లైన్ల వార్త ఒకటి కనబడింది. ట్రాయ్ జట్టులో ఇద్దరు గాయపడితే, బింగ్‌హాంటన్ నుంచి గస్ వ్రీలండ్‌ను మూడు వారాలకు అరువు తెచ్చుకున్నారట.

ఒరిన్ చెయ్యి ఫిల్మ్ తిప్పే పిడి మీదే ఆగిపోయింది.

పదకొండేళ్ళ కిందట అతను ఒక బిస్కెట్ కంపెనీ వాళ్ళ అరవై బొమ్మలకు 1911 అని ఏడు కట్టాడు. ఆధారం ఒక్కటే. వాటిలో వ్రీలండ్ ట్రాయ్ ఆటగాడిగా ఉన్నాడు. వ్రీలండ్ ట్రాయ్‌లో చేరింది 1911 ఏప్రిల్‌లో. ఇప్పుడు చూస్తే, అంతకుముందు ఏడే అక్కడ మూడు వారాలు ఆడి ఉన్నాడు.

ఇంకెవరైనా అయితే పత్రికకు ఒక సవరణ రాసి పడేసి ఊరుకునేవారు. ఒరిన్‌కు ఆగ్నెస్ రౌలీ గుర్తొచ్చింది.

ఆరేళ్ళ కిందట ఆవిడ అతనికి ఉత్తరం రాసింది. ఆవిడ తండ్రి కాన్ డన్‌ఫీ యుటికా జట్టుకు క్యాచర్, మొహానికి మాస్కు కట్టుకుని బంతులు పట్టేవాడు. 1910 ఆగస్టులో టైఫాయిడ్‌తో పోయాడు. ఆవిడ పుట్టింది ఆ నవంబరులో. ఇల్లు అంటుకున్నప్పుడు ఉన్న ఫొటోలన్నీ కాలిపోయాయి. తండ్రి మొహం ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదు. పొరుగింటి అటక సర్దుతుంటే ‘డన్‌ఫీ, యుటికా’ అని ఉన్న బొమ్మ ఒకటి దొరికి చేతికొచ్చింది. చిక్కేమిటంటే, కాన్ పోయాక మరుసటి ఏడు అతని తమ్ముడు మార్టిన్ అదే జట్టులో అదే చోట ఆడాడు. ‘ఇందులో ఉన్నది మా నాన్నా, బాబాయా?’ అని అడిగింది. ఒరిన్ కార్డు ముక్క మీద ఒకే ఒక్క వాక్యం రాసి పంపాడు: ‘ఈ బొమ్మలు 1911వి, కాబట్టి మీ బాబాయి.’

ఆ వాక్యం రాసేటప్పుడు తను రెండో చేత్తో శాండ్‌విచ్ తింటున్నట్టు అతనికి ఇప్పటికీ గుర్తు.

గ్రంథాలయంలో ఆ శనివారం మొదలు అతనికి తిండి సయించలేదు. మీటర్లలో అంకెలు తప్పు రాశాడు; ఒక ముసలావిడ ఒక్కతే వాడిన నీళ్ళు హోటల్ వాడకమంత తేలి, పై అధికారి పిలిచి చివాట్లు పెట్టాడు. ఇంట్లో వంటగదికీ ముందుగదికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

“ఆ తిరుగుడేమిటి ఒరిన్! నా తివాచీ అరిగిపోతోంది,” అంది లియోనా. “వెళ్ళి ఆవిడకు చెప్పేస్తే పోదా?”

“ఏమని చెప్పను? 1911 కాకపోవచ్చు అనా? ‘కావచ్చు, కాకపోవచ్చు’ పట్టుకుని వెళ్తే ఆవిడకేం ఒరుగుతుంది? 1910 అవునో కాదో తేలాలి.”

“తేలేదాకా కనీసం ఆ కుర్చీలో కూర్చో. చూడలేక చస్తున్నా.”

రెండు వారాలు సెలవు పెట్టి గ్రంథాలయంలోనే ఉన్నాడు. అరవై మంది ఆటగాళ్ళనూ ఒక్కొక్కరినే మళ్ళీ మొదటి నుంచి వెతికాడు. సిరక్యూస్ బొమ్మల్లో పికెట్ అనేవాడున్నాడు. వాడు 1910 జులైలో ఆట మానేసి మామగారి గుర్రపుశాలలో చేరి మళ్ళీ మైదానం మొహం చూడలేదు. ఆ తర్వాత దొరికింది అసలు సంగతి. లోపలి పేజీలో అడుగున, ఆడవాళ్ళు నడుముకు బిగించుకునే కార్సెట్ల ప్రకటనకూ దగ్గుమందు ప్రకటనకూ మధ్య: ‘జూన్ 18 శనివారం నుంచి మా బిస్కెట్ డబ్బా ప్రతిదానిలో ఒక ఆటగాడి బొమ్మ.’ పత్రిక 1910 నాటిది. ఆ జూన్‌లో మార్టిన్ డన్‌ఫీ కోహోస్‌లో నేతమిల్లు జట్టుకు ఆడుతున్నాడు. ఆ సంగతీ పత్రికలోనే ఉంది. యుటికాలో ఉన్న డన్‌ఫీ ఒక్కడే, కాన్.

ఆ మధ్యాహ్నమే కాగితాలు తీసుకుని ఆగ్నెస్ ఇంటికి వెళ్ళాడు. ఆవిడకు అరవై ఏడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. కాఫీ పోసి ఎదురుగా కూర్చుంది. అతను కూర్చోలేక నిలబడే అంతా చెప్పాడు.

ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టింది. “బొమ్మ నా దగ్గర లేదండీ,” అంది. “బాబాయిదన్నారుగా మీరు. వాళ్ళ నాన్నది నా దగ్గరెందుకని లియోకిచ్చేశా.”

లియో మార్టిన్ కొడుకు. పక్కనున్న రోమ్ పట్టణంలో బార్ నడుపుతాడు. ఇద్దరూ ఒరిన్ కారులో వెళ్ళారు. బార్‌లో ఎవరూ లేరు. లియో గ్లాసులు తుడుస్తున్నాడు. అతని వెనక గోడ మీద, సీసాల పైన, ఫ్రేములో ఉందా బొమ్మ. కింద ఇత్తడి రేకు మీద ‘మార్ట్ డన్‌ఫీ, 1911’ అని చెక్కించి ఉంది.

ఒరిన్ చెప్పినంతా విని లియో గుడ్డ బల్ల మీద కొట్టాడు.

“ఆరేళ్ళ కింద మా నాన్న అని రాసిందెవరయ్యా? నువ్వే కదా! ఇవాళ పెదనాన్నంటావు. వచ్చే ఏడు ఇంకో కాగితం దొరికితే మా మేనత్తంటావా?”

“తప్పు నాదే,” అన్నాడు ఒరిన్. “అప్పుడు ఒక్క మనిషిని చూసి చెప్పా. ఇప్పుడు అరవై మందినీ చూశా.”

“ఆ గడ్డం చూడు. మా నాన్న గడ్డం కాదూ అది?”

“అన్నదమ్ములు లియో,” అంది ఆగ్నెస్ మెల్లగా. “గడ్డం ఇద్దరికీ ఒకటే అయ్యుంటుంది.”

“నీకేం అక్కా, తేలిగ్గా అంటావు. ఇక్కడికొచ్చే ప్రతివాడికీ మా నాన్నని చూపించా. ఆయన నాతో నాలుగు మాటలు సరిగ్గా ఆడింది లేదు. మేమిద్దరం కాస్త సఖ్యంగా ఉన్నదల్లా ఈ ఆరేళ్ళే.”

ఆగ్నెస్ కోటు గుండీలు పెట్టుకుంది. “ఉంచుకో లియో. నాకు తెలిసింది, చాలు,” అని బయటికి నడిచింది.

దారిపొడుగునా ఒరిన్ లోపల కుమిలిపోయాడు. ఒక ఇంట్లో తండ్రిని తీసేసి ఇంకో ఇంట్లో పెట్టాడు. ఇప్పుడు అక్కడా తీసేస్తున్నాడు. ఆ వారమంతా ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు.

గురువారం పొద్దున లియో తనే వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే కాగితం సంచీ చేతిలో పెట్టాడు.

“నువ్వే ఇయ్యి ఆవిడకి. రేకు నా దగ్గరే ఉంచుకున్నా.” మెట్టు దిగి ఆగాడు. “ఈసారి గట్టిగా తెలుసా?”

ఒరిన్ ఒక్క క్షణం తటపటాయించాడు. ‘తెలుసు’ అంటే పోయేది. “పత్రికలు అబద్ధం చెప్పకపోతే ఇది మీ పెదనాన్నే. అంతకుమించి నేను ఒట్టేయలేను.”

“ఆ మాట అప్పుడే రాయాల్సింది,” అని లియో కారెక్కాడు.

ఆగ్నెస్ బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళద్దాలు మార్చి చూసింది. మాస్కు చేత్తో పట్టుకుని, టోపీ వెనక్కి నెట్టి, ఎండకు కళ్ళు చికిలించిన మనిషి.

“ఇరవై ఆరేళ్ళు,” అంది. “నా చిన్న మనవడి ఈడు. నేను ఎప్పుడూ పెద్దాయన్ని ఊహించుకున్నానండీ. మీసాలూ అవీ.” నవ్వబోయి ఆగిపోయింది. “ఏమిటీ పిల్లాడు!”

ఒరిన్ ఆ ఆదివారం పత్రికకు సవరణ రాశాడు. ‘ఈ బొమ్మలు 1910 జూన్‌వి. పదకొండేళ్ళు నేను తప్పు చెప్పాను’ అని మొదలుపెట్టాడు. లియోనా చదివి, ఇంత సూటిగా రాయాలా అంది. రాయాలన్నాడు.

తర్వాత బీరువాలోంచి తన పాత నోటు పుస్తకాలు దింపాడు. తను ఏడు కట్టిన బొమ్మల జాబితాలు నూట ముప్పై పైచిలుకు ఉన్నాయి. ఒకే ఒక్క ఆటగాణ్ణి ఆధారం చేసుకుని తేల్చినవి ఎన్నో వేళ్ళు మడిచి లెక్కపెడుతూ, వంటగదికీ ముందుగదికీ మధ్య మళ్ళీ నడక మొదలుపెట్టాడు. పదిహేడు దాకా వచ్చేసరికి టోపీ పెట్టుకున్నాడు.

“ఆదివారం గ్రంథాలయం మూసి ఉంటుంది కదా!” అంది లియోనా.

“తెలుసు. ఊరికే దాని దాకా నడిచొస్తా.”