కుడితి బకెట్టు

ఆయన్ని అందరూ భోజనాలాయన అనేవారు. అలాగని వంటల మేస్త్రి కాదు సుమండీ, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొద్దున ఒక పేటలో ఆస్పత్రి లిఫ్టు, మధ్యాహ్నం ఇంకో పేటలో ఆఫీసు లిఫ్టు, సాయంత్రం ఎక్కడో అపార్టుమెంటులో రెండంతస్తుల మధ్య ఇరుక్కుని తలుపులు బాదుతున్న ముసలాయన. ఊరంతా తిరిగే ఉద్యోగం, వేళకి ఆకలేసే కడుపు, పెద్ద హోటలు గడప తొక్కలేని జేబు. ఇవన్నీ కలిసి ఆయనకో విద్య నేర్పాయి. అంత పెద్ద ఊళ్ళో జేబుకి చిల్లు పడకుండా కడుపు నిండేది ఎక్కడో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆయన పద్ధతి ఆయనది. బోర్డు చూసేవాడు కాదు, జనాన్ని చూసేవాడు కాదు, ఆఖరికి వాసన కూడా నమ్మేవాడు కాదు. "వాసనదేముంది, నాలుగు ఉల్లిపాయలు వేయిస్తే వీధంతా వస్తుంది" అనేవాడు. కొత్తచోట బల్ల దగ్గర కూర్చోబోయే ముందు, చేతులు కడుక్కునే వంకతో వెనకవైపుకి వెళ్ళి, కంచాల్లో మిగిలిందంతా దులిపే కుడితి బకెట్టులోకి తొంగిచూసేవాడు. అడుగున నాలుగు మెతుకులుంటే లోపలికొచ్చి కూర్చునేవాడు. బకెట్టు నిండుగా ఉందా, చేతులు తుడుచుకుని చక్కా పోయేవాడు. "మొహమాటానికి మనిషి నోరు బాగుందంటుంది. కంచం అనదు" అని ఇంటా బయటా ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో లెక్కలేదు.

ఆయన మాటంటే జనానికి అంత గురి. మధ్యాహ్నమైతే చాలు ఫోను మోగేది.

"అన్నా, ఆస్పత్రి దగ్గరున్నా. ఎక్కడ తినమంటావ్?" అనేవాడు ఆటో నడిపే స్నేహితుడు.

"ఎదురుగా ఉన్నదాన్లోకి మాత్రం పోకు. పక్క సందులో కళ్ళజోళ్ళ షాపు మీద మేడ ఉంది, ఎక్కు. కూర మళ్ళీ అడుగు, మొహం చిట్లించకుండా వేస్తారు. టీ మాత్రం అక్కడ తాగకు. కోర్టు వెనక్కి వెళ్ళు. అదైనా పొద్దుటిపూటే. సాయంత్రం మరగేసేది పొద్దుటి పొడే."

అన్నింట్లోకీ ఆయనకి గొప్పది ప్రింటింగ్ ప్రెస్సు వెనక ఒక్క గదిలో పెద్దమ్మ అనే ఆవిడ పెట్టే భోజనం. అక్కడి బకెట్టులో కంచాలు కడిగిన నీళ్ళు తప్ప మరేమీ ఉండేవి కావు.

ఇంతటి మనిషి ఇంట్లో ఏం తినేవాడో చెప్తే మీరు నమ్మరు. ఆయన భార్య వండితే అన్నం ముద్దయిపోయేది, కూర ఏ కూరో పోల్చుకోలేనంతగా ఉడికిపోయేది, ఉప్పు పేరుకే. పాపం ఆవిడ చిన్నప్పుడే తల్లి పోతే పొయ్యి అందక పీట వేసుకుని వండిన పిల్ల. ఒకరోజు కూరలో ఉప్పెక్కువైందని తండ్రి కంచం గోడకేసి కొట్టాడు. ఆనాటి నుంచీ ఉప్పు డబ్బాలో చెయ్యి పెడితే వణుకు. పచ్చిగా ఉందంటారేమో, మాడిందంటారేమో అన్న భయంతో నీళ్ళు పోసి ఉడికించడం ఒక్కటే తెలుసు. పెళ్ళైన కొత్తలో ఈయనకి మొదటిసారి వడ్డించి, తలుపు వెనక నిలబడి, సందులోంచి చూస్తూ ఉంది. ఆయన ఒక ముద్ద మింగి, తలుపు వైపు చూసి, "చాలా బాగుంది" అన్నాడు. ఆవిడ మొహం ఎంత వెలిగిపోయిందంటే, మర్నాడు కూడా అదే మాట అనక తప్పలేదు. ఆ తర్వాత అలవాటైపోయింది.

మంచి మనసే, కాదనను. కానీ మనలో మాట, అందులో మంచితనం కంటే సుఖం ఎక్కువ. నేర్పించే బాధ లేదు, కన్నీళ్ళు తుడిచే బాధ లేదు. మధ్యాహ్నం బయట కడుపారా తినేవాడు. ఇంటికొచ్చి రెండు ముద్దలు మింగి, "మధ్యాహ్నం ఎక్కువైందే, లేకపోతే గిన్నె ఖాళీ చేసేవాణ్ణి" అంటే సరిపోయేది. ఆవిడెప్పుడైనా "ఒక్కసారి నన్నూ తీసుకెళ్ళండి, మీరు చెప్పే ఆ చోట్లేమిటో చూస్తాను" అంటే, "ఇంట్లో ఇంత మంచి వంట పెట్టుకుని బయట తినే ఖర్మేమిటే నీకు" అనేవాడు. ఆవిడ మురిసిపోయేది. ఊళ్ళో అందరినీ మంచి భోజనానికి పంపిన మనిషి, కట్టుకున్నదాన్ని మాత్రం ఒక్కచోటికీ తీసుకెళ్ళలేదు.

కాలం అలాగే గడిచిపోయేదే కానీ, ఒకనాడు లిఫ్టు గుంతలోకి జారి మోకాలు చితక్కొట్టుకున్నాడు. కంపెనీవాళ్ళు ఏదో ఇంత చేతిలో పెట్టి చేతులు దులుపుకున్నారు. పిల్లలు లేని ఇల్లు, ఆదుకునే దిక్కు లేదు. కాలు చాపుకుని వీధిగదిలో కూర్చుంటే, ఎదురుగా కొత్తగా లేచిన ఆఫీసు భవనంలోంచి మధ్యాహ్నం జనం బిలబిలమంటూ బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, ఎక్కడ తినాలో తెలియక నిలబడేవాళ్ళు. వాళ్ళని ఆయనా చూశాడు, ఆవిడా చూసింది.

"ఏవండీ, ఈ వీధిగదిలో నాలుగు బల్లలు వేద్దామా?" అంది ఆవిడ. "నేను వండుతాను. మీరు కూర్చుని వచ్చిన వాళ్ళని చూసుకోండి."

ఆయన కూర్చున్నచోటే సర్దుకున్నాడు. "నీకెందుకే అంత శ్రమ? ఎవరైనా వంటమనిషిని పెడదాం. నువ్వు గల్లా దగ్గర కూర్చో."

"పరాయి చేతి వంటెందుకండీ? బకెట్టు చూడందే బల్ల దగ్గర కూర్చోరు మీరు. అలాంటి మనిషి ఇన్నేళ్ళుగా వంక పెట్టకుండా నా చేతి కూడు తింటున్నారు. అంతకంటే నాకేం భరోసా కావాలి?"

నోరు తెరవాల్సింది అప్పుడండీ. ఒక్క మాట చెప్తే ఆ పూట ఏడ్చేది, అలిగేది, మర్నాటికి సర్దుకునేది. ఆయన నీళ్ళు నమిలి, కిటికీలోంచి బయటికి చూసి, "బాగా ఆలోచించావే" అన్నాడు. ఆవిడ తల్లి తాలూకు గుర్తుగా దాచుకున్న గాజులు తీసుకెళ్ళి అమ్మేసి, పొయ్యి, బల్లలు, గిన్నెలు కొనుక్కొచ్చింది. మిగిలిన చిల్లరతో ఆయనకి కూర్చోవడానికి మెత్త కూడా కొంది.

మొదట్లో జనం విరగబడ్డారు. ఎందుకు రారు? భోజనాలాయన సొంతంగా పెట్టాడంటే ఊరికే ఉంటుందా అని పాత కంపెనీవాళ్ళు వచ్చారు, ఆటోల వాళ్ళు వచ్చారు, ఎదుటి భవనంలోంచి మెడలో కార్డులు వేసుకున్న కుర్రకారు వచ్చారు. అందరూ ఆశగా కూర్చున్నారు. ఒక ముద్ద తిన్నారు, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "బాగుందండీ" అని మొహమాటంగా నవ్వి, సగం కంచం వదిలేసి లేచారు. వంటింటి గుమ్మంలోంచి ఆ "బాగుందండీ" విని ఆవిడ పొంగిపోయింది.

కంచాలు పెరట్లోకి వెళ్ళకముందే ఆయన కుంటుకుంటూ అడ్డం పడ్డాడు. "నువ్వు వంట చూసుకో. ఎంగిలి పని నాది."

"మీ కాలితోనా? వద్దండీ."

"కూర్చుని చేసే పనేగా" అని పీట లాక్కున్నాడు.

ఆ రోజు మొదలు అదే వరస. పెరటిగోడ వారగా పీట మీద కూర్చుని, చితికిన మోకాలు చాపుకుని, కంచాల్లోని అన్నం, కూర బకెట్టులోకి దులిపి, పైన అరటాకు ముక్క కప్పేసేవాడు. ఆవిడ అటు వస్తుంటే "నేలంతా తడిగా ఉంది, జారతావు" అని కేకేసేవాడు. మధ్యాహ్నం దాటాక పాలాయన వెనక తలుపులోంచి వచ్చి, గేదెలకని ఆ కుడితి పట్టుకుపోయేవాడు. ఆవిడేమో ఇరుగమ్మలతో, పొరుగమ్మలతో "కంచాలు కూడా నన్ను ముట్టుకోనివ్వరు, అలాంటి మొగుణ్ణి ఎక్కడైనా చూశారా" అని చెప్పుకునేది. ఆ మాటలు గోడ మీంచి ఆయన చెవిన పడేవి. పడ్డా ఏం లాభం, ఒంచిన తల ఒంచినట్టే ఉండేది. ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు గిన్నెల్లో ఇంత ఉప్పు వేసి కలిపేవాడు. ముద్దైపోయిన కూరని ఉప్పు ఏం బాగుచేస్తుంది?

జనం పలచబడ్డారు. ఆటో స్నేహితుడు మాత్రం ఇంకా రెండుసార్లు వచ్చాడు. రెండోసారి పెరట్లోకొచ్చి ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, ఒకటడుగుతా, ఏమనుకోకు. వదిన వంట నీకు నిజంగా బాగుంటుందా?"

"నాకలవాటురా."

"అలవాటు సంగతి కాదు. బాగుంటుందా?"

ఆయన ఇంకో కంచం అందుకుని తోమడం మొదలుపెట్టాడు.

"నీ మాట మీద ఎంతమందిని ఎన్ని చోట్లకి తీసుకెళ్ళానో నాకే తెలుసు. ఇప్పుడు నీ పేరెత్తితే నవ్వుతున్నారు. వదినకి చెప్పన్నా. ఇంకొన్నాళ్ళు పోతే ఇది మూతపడుతుంది. అప్పుడెలాగూ తెలుస్తుంది."

"చెప్తాలే. సమయం చూసి చెప్తాలే."

సమయం ఇంకెప్పుడు చూస్తాడు! ఆ స్నేహితుడు మళ్ళీ రాలేదు. మధ్యాహ్నాలు ఫోను మోగడం కూడా మానేసింది. ఆవిడేమో వచ్చేవాళ్ళు తగ్గిన కొద్దీ ఇంకా పొద్దున్నే లేచి, కూర ఇంకాస్త ఎక్కువసేపు ఉడికించేది. "ఎందుకు రావట్లేదంటారు?" అని అడిగితే, "ఎండలు కదే" అనేవాడు. ఎండలు పోయి వానలొచ్చాక, "వానలు కదే" అన్నాడు.

చివరికి చెప్పింది ఎవరనుకున్నారు, పాలాయన. మనసులో ఏ పాపమూ లేని మనిషి. ఆ రోజు ఈయన కంచాలన్నీ దులిపి, బకెట్టు మీద ఆకు కప్పేసి, మోకాలు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళాడు. పాలాయన బకెట్టు కోసం వస్తే ఆవిడే తలుపు తీసింది.

"అమ్మా, మీ పేరు చెప్పుకుని మా గేదెలు తేరుకున్నాయి" అన్నాడు పాలాయన. "ఈ చుట్టుపక్కల ఇన్ని హోటళ్ళు తిరుగుతానా, ఎక్కడా నీళ్ళు తప్ప ఏముండదు. మీ బకెట్టు ఎత్తాలంటే నడుం పట్టేస్తుంది. చల్లని తల్లివి."

ఆవిడ బకెట్టు దగ్గరికి వెళ్ళింది. అరటాకు ముక్క తీసింది. పొద్దున తన చేత్తో వండిన అన్నం, తన చేత్తో తరిగిన కూర, వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి. ఇది ఏమిటని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. నోరు బాగుందంటుంది, కంచం అనదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ వింటున్న మాట అది. నేల తడిగా ఉందని ఎందుకు కేకేసేవాడో, ఎంగిలి కంచాల మీద మొగుడికి అంత ప్రేమ ఎందుకు పుట్టిందో కూడా అప్పుడే అర్థమైంది.

ఆయన ఇంటికొచ్చేసరికి బకెట్టు కడిగి బోర్లించి ఉంది. మర్నాడు పొయ్యి వెలిగించలేదు. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, "పదండి" అంది.

"ఎక్కడికే?"

"భోజనానికి. నిజంగా బాగుండే చోటికి."

ఆయన ఆవిడ మొహం చూసి, లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఇద్దరూ ప్రింటింగ్ ప్రెస్సు వెనక్కి వెళ్ళారు. పెద్దమ్మ ఆయన్ని చూసి "ఏం నాయనా, మమ్మల్ని మర్చిపోయావా" అంటూ ఇద్దరికీ కంచాలు పెట్టింది. మామూలు అన్నం, మామూలు పప్పు, ఏదో కూర. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. నమల్లేదు, మింగలేదు. తర్వాత తలొంచుకుని, ఒక్క మెతుకు వదలకుండా, కంచం వేలితో తుడుచుకుని మరీ తింది. తింటున్నంతసేపూ ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"బాగుండటమంటే ఇదా" అంది చివరికి.

"నీ మనసు నొచ్చుకుంటుందని..."

"మా నాన్న కంచం విసిరాడు. అది తప్పే. కానీ ఉప్పెక్కువైందని నాకు తెలిసింది. మీరేమో ఇన్నేళ్ళూ నవ్వుతూ తిన్నారు." కొంగుతో మొహం తుడుచుకుంది. "చెప్పుంటే నేర్చుకునేదాన్ని కదండీ. చెయ్యి తిరగని దాన్నే గానీ, మొద్దుదాన్నేం కాదుగా."

ఆయన చేతిలో ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

బల్లలు, గిన్నెలు అయినకాడికి అమ్మేశారు. గాజులు పోయినవి పోయినట్టే. ఆవిడ ఆయన్ని ఒక్క మాటైనా అడక్కుండా వెళ్ళి పెద్దమ్మ దగ్గర కూరలు తరిగే పనిలో చేరింది. కొన్నాళ్ళకి పొయ్యి దగ్గరికి వచ్చింది. పెద్దమ్మ నోటి దురుసు మనిషి. "ఇదేం కూర, గడ్డిలా ఉంది, మళ్ళీ చెయ్" అని మొహం మీదే అనేది. ఆవిడ మళ్ళీ చేసేది. ఇప్పుడు ఉప్పు డబ్బాలో చెయ్యి పెడితే వణుకు లేదు.

మొన్న ఒక సెలవురోజు ఇంట్లో వండి ఆయనకి వడ్డించింది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఊరంతా తిరిగి తిన్న నాలుక కదా, దానికి తెలిసింది. "బాగుందే" అన్నాడు. ఆవిడ తలెత్తలేదు. "ఒట్టే, నిజంగా బాగుంది" అన్నాడు మళ్ళీ. నిజమే చెప్తున్నాడు పాపం, కానీ చెప్పడానికి ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే, దాన్నేమో అరిగిపోయేదాకా వాడేశాడు. ఆవిడ తలుపు దగ్గర నిలబడలేదు, ఆయన మొహం వైపు చూడలేదు. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాక, కంచం పెరట్లోకి తీసుకెళ్ళి, బకెట్టు మీద వంచి, ఏమైనా మిగిలిందేమో చూసుకుంది.