ఓడిన మాటకూ ఒక పంక్తి

నా చిన్నప్పుడు మా ఇంట్లో తీర్పంటే మా తాతయ్య నోటుబుక్కే. ఆయన మా ద్వీపంలోని సెంబవాంగ్ ఓడల యార్డులో మేస్త్రీగా చేసి రిటైరైన మనిషి. ఇంటి విషయం ఏదైనా పెద్దలు కూర్చుని తేల్చాక అందులో రాసేవారు, అందరూ సంతకాలు పెట్టేవారు. రాశాక ఇక ఎవరూ మాట్లాడకూడదు. నా పన్నెండో ఏట నా గురించీ రాశారు: నాయనమ్మ మంచాన పడింది కాబట్టి పిల్ల బడి మానేసి ఇంట్లో ఉండాలి. నన్నెవరూ అడగలేదు. నోరెక్కువని పేరున్న నేను బడికి వెళ్తానన్నా ఎవరూ ఒప్పుకోలేదు.

మర్నాడు కిందికి దిగుతుంటే లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల నేనూ, మా పై అంతస్తులో ఉండే యూదు అంకులూ. ఆయన తాతముత్తాతలు ఎప్పుడో బాగ్దాద్ నుంచి వచ్చినవాళ్లట. ఎంత బెల్లు నొక్కినా పలికే దిక్కు లేదు. ఆ ఉక్కపోతలో నేను ఏడుస్తుంటే భయమేమో అనుకున్నారు. లిఫ్టు కాసేపటికి తెరుచుకుంటుంది, మా ఇల్లు ఎప్పుడు తెరుచుకుంటుందని ఆయన్నే అడిగి, అంతా చెప్పేశాను.

ఆయన ఓదార్చలేదు. తమ పాత ధర్మశాస్త్రంలోది కొంత, మనం ఎక్కాలు వల్లించినట్టు రాగం తీస్తూ వినిపించి, అర్థం చెప్పారు. అన్నీ పొట్టి వాక్యాలే. దాచమని ఇచ్చిన కుండ పగిలితే తప్పెవరిదని ఒక చిక్కు. ఒక గురువు ఇలా అంటాడు, ఇంకో గురువు అలా అంటాడు, పెద్దలు ఒకరి మాట ఒప్పుకుంటారు. ఓడినవాడి మాట మాత్రం అతని పేరుతో అలాగే ఉండిపోతుంది. ఓడాక ఇంకెందుకు రాయడమని విసుక్కున్నాను.

"రేపు వచ్చే పెద్దలకి అదే కరెక్టనిపించొచ్చు లా. రాసి లేకపోతే వాళ్లు దేన్ని పట్టుకుంటారు?" అన్నారు, మా ద్వీపంలో అందరిలాగే మాట చివర 'లా' తగిలించి.

లిఫ్టు బాగయ్యాక ఇంటికెళ్లి, సంతకాల కింద పెన్సిలుతో రాశాను: మనవరాలు బడికి వెళ్తానంది. పెద్దలు ఒప్పుకోలేదు. చూస్తే వీపు విమానం మోతే అనుకున్నాను. తాతయ్య చూశారు. చెరపలేదు, తీర్పూ మార్చలేదు. రెండేళ్లు ఆ ఫ్లాటే నా లోకం. కిటికీలోంచి బడి పిల్లల్ని చూస్తూ ఆ అంకుల్ని తిట్టుకున్న రోజులూ ఉన్నాయి.

నాయనమ్మ పోయాక, పిల్ల ఇంటిపనికి అలవాటు పడింది, ఇలాగే ఉండనిద్దామన్నారు పెద్దలు. తాతయ్య నోటుబుక్కు తెచ్చి ఆ పేజీ తీశారు. నా పెన్సిలు రాత మాసిపోకుండా దాని మీద ఎప్పుడో ఆయనే సిరాతో దిద్దారు.

"ఈ మాట ఇంకా ఇక్కడే ఉందర్రా. అప్పుడు కాదన్నది నేనే. ఇప్పుడు ఔనంటున్నాను" అన్నారు.

నాకన్నా రెండేళ్లు చిన్నవాళ్ల పక్కన సిగ్గుపడుతూ కూర్చుని చదువుకున్నాను.

ఇప్పుడు జురాంగ్ వెస్ట్‌లో మా ఇంటి నోటుబుక్కు నా చేతిలో ఉంది. కోపిష్టిదాన్ని, చాలాసార్లు నా మాటే నెగ్గుతుంది. మొన్న మనవరాలు నాతో ఇంగ్లీషులో గంటసేపు వాదించి, ఓడి, గదిలోకెళ్లి తలుపేసుకుంది. నా తీర్పు రాశాను. దాని కింద ఆమె మాట, ఆమె పేరుతో రాశాను. పెన్సిలుతో కాదు, సిరాతోనే.