రాబిన్ బండికి ఎత్తు కట్టించిన వైనం

హౌరా దగ్గర సంత్రాగాఛి రైలుపట్టాల పక్క సందులో రాబిన్ అంటే తెలుగు క్రైస్తవ సంఘానికి బాగా పనికొచ్చే పాపి. ఆదివారం గుడిలో అతని మొహం కనిపించదు గానీ, సంఘంలో ఎవరు పోయినా పెట్టె అతని పికప్ బండిలోనే సమాధుల తోటకు వెళ్ళాలి. మిగతా రోజుల్లో ఆ బండి మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర నుంచి హౌరా సంతకు ప్యాంట్ల మూటలు మోస్తుంది. శవానికి అతను కిరాయి తీసుకోడు. కానుక పళ్ళెం తప్పించుకోవడానికి ఇంత పుణ్యమైన దారి సంఘంలో మరొకరికి తట్టలేదు.

పోయిన వానాకాలం సంఘంలో కొండయ్య పోతే, అతని పెట్టెతో వెళ్తుంటే మోకాటి లోతు నీళ్ళలో ఇంజను కూడా కొండయ్య దారే పట్టింది. నీళ్ళు తీసేదాకా పెద్దలంతా బండి చుట్టూ నిలబడి ఆదరణ పాటలు పాడారు. అవి అయిపోయాక, ఊరికే నిలబడలేక క్రిస్మస్ పాటలు అందుకున్నారు.

ఆ సంగతి విని రాబిన్ తల్లి జీవరత్నమ్మ ఒకటే మాట అంది. "వానల్లో బండి ఆగకుండా సూసుకో, బాబూ."

ఎనభై దాటిన మనిషి. పాపం, తన పెట్టె గురించే బెంగపడుతోందని రాబిన్ గుండె కరిగిపోయింది. గుండె కరిగిన మగవాడు చేసే పనే చేశాడు, తిన్నగా గ్యారేజీకి వెళ్ళాడు. కమాన్ పట్టీల కింద ఇనప దిమ్మలు పెట్టి, పెద్ద టైర్లు వేస్తే బండి జానెడు లేస్తుందని, ఇక గంగే ఎదురొచ్చినా ఆగదని రఫీక్ మిస్త్రీ భరోసా ఇచ్చాడు. గంగకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో భార్య జూలియా మాత్రం ఒప్పుకోలేదు. "ఎత్తు బండి మలుపుల్లో ఊగుతాది. మూటలెక్కించేటోళ్ళు తిట్టుకుంటారు. పోలీసోడికి ఆమడ దూరం నుంచే కనబడతాది."

"బండి తిరగబడాలంటే ముందు కదలాల కదే. హౌరా బ్రిడ్జి మీద మన బండి ఎప్పుడు కదిలింది?" అన్నాడు రాబిన్. 

ఇక మిగిలింది పెట్టె. అంత ఎత్తుకు ముసలి పెద్దలు పెట్టెను లేపగలరా? దిమ్మలు బిగించాక సంఘ పెద్ద ప్రదీప్‌కుమార్ స్వయంగా పరీక్ష పెట్టించాడు. గుడి బల్ల మీద బియ్యం బస్తాలు పెట్టి, ఆరుగురు పెద్దలు మూలుగుతూ దాన్ని బండిలోకి ఎక్కించారు. బస్తాలు ఏ ఇబ్బందీ పడలేదు. అందరూ చప్పట్లు కొట్టి, ఇక ఎవరైనా నిశ్చింతగా పోవచ్చని తీర్మానించి టీ తాగారు.

ఇల్లు అలకగానే పండగ కాదు. మొదటి పెద్ద వాన ఆదివారం పొద్దున్నే కురిసింది. సందు నిండా నీళ్ళు. రాబిన్ బండి తీసి అటూ ఇటూ నడిపి చూసుకున్నాడు. ఇంజను దగ్గలేదు, తుమ్మలేదు. మీసం మెలేస్తూ గుమ్మం ముందు ఆపేసరికి తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి చంకన పెట్టుకుని తల్లి నిలబడి ఉంది.

"ఎక్కడికే అమ్మా?"

"ఎక్కడికేటిరా, గుడికి. వానొస్తే టోటో రిక్షా రాదు, వానాకాలమంతా నాకు గుడి లేదు. అందుకే కదా బండి సూసుకోమన్నాను."

బండి తలుపు తీశాడు. మెట్టు ఆమె నడుము దగ్గరికొచ్చింది. తలుపు పట్టుకుని ఒకసారి ప్రయత్నించింది, మరోసారి ప్రయత్నించింది. జూలియా పీట తెచ్చి వేస్తే అది నీళ్ళలో తేలిపోయింది. రాబిన్ ఎత్తుకోబోతే చెయ్యి తోసేసింది.

"మూటలాగా ఎత్తకు. ఆరోజు ఎలాగూ ఎత్తుతావు," అంది. తర్వాత బండిని కిందనుంచి పైదాకా చూసింది. "సచ్చినదాన్ని ఎక్కించడానికి ఆరుగురిని తెచ్చి సూసుకున్నావు. బతికున్నది ఎలాగెక్కుతాదని నన్నొక్క మాట అడిగావేట్రా?"

లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుంది. రాబిన్‌కి సిగ్గేసింది.

సోమవారం గ్యారేజీకి వెళ్ళి దించెయ్యమన్నాడు. ఎంత దించాలని మిస్త్రీ అడిగాడు. మా అమ్మ ఎక్కేంత అన్నాడు రాబిన్. అదెంతో చెప్పమంటే అరచేత్తో గాల్లో ఒక ఎత్తు చూపించబోయి, మళ్ళీ చెయ్యి దించేశాడు. వాన నీటి లోతు తెలుసు, పెట్టె బరువు తెలుసు. అమ్మ కాలు ఎంత లేస్తుందో తెలియదు.

ఇంటికి తిరిగొచ్చి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. "అమ్మా, కాలు ఎంత ఎత్తగలవో ఒకసారి ఎత్తు."

ఆమె మంచం కోడు పట్టుకుని నిలబడి, పళ్ళు బిగబట్టి ఎత్తింది. నిలబెట్టిన ఇటుక ఎత్తు కూడా రాలేదు. దిమ్మలన్నీ పీకేసినా, కంపెనీ నుంచి వచ్చిన నాటి బండి కూడా ఆ కాలికి అందదు. తల్లి చివరిసారి ఆ బండి ఎప్పుడెక్కిందా అని రాబిన్ ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.